పెన్సిలా, కంప్యూటరా? ముందు టేపు పట్టండి!



పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే మన హాస్టల్లో ఒకే ముచ్చట. ఎవరు ఇంటర్‌కు పోతారు, ఎవరు పాలిటెక్నిక్ పరీక్ష రాస్తారు, ఎవరు ఐటిఐలో చేరతారు. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అనే కోర్సు మాట రాగానే ఎవరో ఒకరు అంటారు: "ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే గీస్తున్నారంట గదా, మళ్ళీ ఆ బోర్డు, ఆ టీ స్క్వేరు, ఆ పెన్సిళ్ళు ఎందుకు? టైం వేస్టు." ఇంకొకరు దానికి ఎదురు చెప్తారు: "చేత్తో గీసిందే అసలైన పని, కంప్యూటర్లో ఏముంది, మీటలు నొక్కడమే గదా."

ఈ రెండు మాటలూ సగం సగమే నిజమని నా అభిప్రాయం. ప్లాను గీసేవాడి అసలు పని పెన్సిల్ పట్టకముందే, కంప్యూటర్ ముందు కూర్చోకముందే మొదలవుతుంది. అది కొలిచే పని. చేత్తో గీయడం మనకు కొలవడం నేర్పుతుంది కాబట్టి దాన్ని ముందు నేర్చుకోవాలి. కంప్యూటర్ ఆ కొలతను వేగంగా, శుభ్రంగా కాగితం మీద పెడుతుంది కాబట్టి దాన్నీ తప్పకుండా నేర్చుకోవాలి. మొదటిది వదిలేసి రెండోది పట్టుకుంటే ఏం నష్టమో చెప్పడానికే ఈ వ్యాసం. ఉదాహరణకు మన అడవికి చాలా దూరంలో ఉన్న ఒక చోటును తీసుకుంటాను. హైదరాబాద్ బేగంబజార్.

బేగంబజార్ ఎందుకంటే

మన సంతకు సరుకు తెచ్చే వ్యాపారుల నోట ఈ పేరు వినే ఉంటారు. మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న టోకు బజారు అది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్లో దిగి నడిచి పోవచ్చు. నిజాం అలీ ఖాన్ బేగం వర్తకులకు ఇచ్చిన భూమిలో ఈ బజారు వెలసిందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్తారు. ఇత్తడి గిన్నెలు, స్టీలు సామాను, మసాలా దినుసులు, ఎండు ద్రాక్ష, జీడిపప్పు, తాళాలు, బందులు, గొళ్ళాలు అన్నీ టోకున దొరుకుతాయి. పక్కన ఫీల్‌ఖానా అనే పేట ఉంది. ఫీల్‌ఖానా అంటే ఏనుగుల శాల. ఏనుగులు కట్టిన పేటలో ఇప్పుడు తోపుడు బండి కూడా తిప్పుకోలేనంత ఇరుకు.

అక్కడి గల్లీలు స్కేలు పెట్టి కొట్టిన గీతల్లా ఉండవు. మొదట్లో వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. పాత సున్నపు గోడలు ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా ఉంటాయి. ఒకే ఇంటి ముందు భాగం ఒక వెడల్పు, వెనక భాగం ఇంకో వెడల్పు. అలాంటి చోట ప్లాను గీయడం ఎవరికైనా పరీక్షే. అక్కడ నిలిచే పద్ధతి ఎక్కడైనా నిలుస్తుంది.

వరద, ఆ తర్వాత నక్షా

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. బేగంబజార్, అఫ్జల్‌గంజ్, కోల్సావాడి పేటలు నీటి పాలయ్యాయి. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దవాఖానా తోటలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది.

మరుసటి ఏడాది, 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వాన ఎంత పడింది, నీళ్ళు ఎటునుంచి ఎంత వచ్చాయి, ఎక్కడ ఆపాలి అని ఆయన లెక్క తీశాడు. ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని చెప్పాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేయడం, మురికివాడలు బాగుచేయడం దాని పని.

ఊరిని బాగుచేయాలంటే ముందు ఊరు ఎలా ఉందో తెలియాలి గదా? 1912 నుంచి 1915 దాకా లెనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో హైదరాబాద్ మునిసిపల్ సర్వే జరిగింది. మూసీకి రెండు ఒడ్డుల ఉన్న ఊరును గల్లీ గల్లీకి కొలిచి పెద్ద పెద్ద కాగితాల మీద గీశారు. ఇళ్ళ గోడలు, బావులు, చెట్లు, మెట్లు కూడా ఆ నక్షాల్లో కనిపిస్తాయి. ఆ నక్షా స్కేలు ఎంతో తెలుసా? నేల మీద 50 అడుగులకు కాగితం మీద 1 అంగుళం.

ఈ సంఖ్య దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి చూడండి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 50తో భాగిస్తే అర మిల్లీమీటరు చిల్లర. అంటే ఆ నక్షాలో అర మిల్లీమీటరు ఒక అడుగు! మొద్దుబారిన పెన్సిల్‌తో ఒక గీత కొడితే గీత మందమే ఒక అడుగు నేలను మింగేస్తుంది. రెండడుగుల అరుగును చూపాలంటే ఒక్క మిల్లీమీటరు జాగా. ఆ పని చేసినవాళ్ళు పెన్సిల్ మొన ఎన్నిసార్లు చెక్కి ఉంటారో, చేయి ఎంత నిలకడగా పెట్టి ఉంటారో ఊహించండి. ఇరుకు గల్లీలో గొలుసు, టేపు లాగేవాళ్ళు ఉంటే, అంకెలు రాసుకునేవాళ్ళు ఉంటారు, వాటిని చూసి గీసేవాళ్ళు ఉంటారు. నక్షా కింద అధికారి పేరు ఉంటుంది గానీ గొలుసు లాగినవాళ్ళ పేర్లు మనకు తెలియవు.

వంద ఏళ్ళు దాటాయి. ఇప్పుడు ఆ కాగితాలను స్కాన్ చేసి, కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం మీద పరచి, పాత బావి ఎక్కడ ఉండేది, పాత దారి ఎటు పోయేది అని వెతుకుతున్నారు. చేత్తో చేసిన పనికి కంప్యూటర్ అడ్డం రాలేదు. దాని విలువ పెంచింది. అయితే 1912లో సరిగ్గా కొలవకపోయి ఉంటే నేటి కంప్యూటర్ వెతకడానికి ఏమీ ఉండేది కాదు.

కంప్యూటర్ చేసిన మేలు

కంప్యూటర్ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పాత రోజుల్లో డ్రాఫ్ట్స్‌మన్ పడే కష్టం తెలిస్తే ఎవరూ అలా మాట్లాడరు. ముందు మామూలు కాగితం మీద పెన్సిల్‌తో గీయాలి. దానిమీద ట్రేసింగ్ కాగితం పరచి ఇండియన్ ఇంకుతో మళ్ళీ గీయాలి. ఇంకు చుక్క పడితే బ్లేడుతో మెల్లగా గీకాలి, కాగితం చిరిగితే మొదటికొచ్చినట్టే. ఇంటాయన వచ్చి "వంటగది అటు వద్దు, ఇటు పెట్టండి" అంటే రెండు రోజుల పని మట్టి. నకళ్ళు తీయడానికి బ్లూప్రింట్ పద్ధతి ఉండేది. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన రసాయనంతో నీలి కాగితం మీద తెల్ల గీతలు వచ్చేవి. తర్వాత అమ్మోనియా ప్రింట్లు వచ్చాయి. ఆ గదిలో నిలబడితే కళ్ళమ్మట నీళ్ళే.

1963లో అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. తెర మీద కాంతి కలంతో గీతలు గీసి, వాటిని మార్చి చూపించాడు. 1982లో ఆటోక్యాడ్ వచ్చింది. చిన్న కంప్యూటర్లలో కూడా ప్లాను గీసే వీలు కలిగింది. మన దేశంలో కూడా ఆఫీసుల్లో బోర్డులు ఒక్కొక్కటే మూలకు చేరాయి.

కంప్యూటర్లో వంటగది అటునుంచి ఇటు మార్చడం అయిదు నిమిషాల పని. గోడలు ఒక పొరలో, కరెంటు ఒక పొరలో, నీళ్ళ పైపులు ఇంకో పొరలో పెట్టి, కావలసింది చూపి మిగతావి దాచవచ్చు. వంద నకళ్ళు తీసినా మొదటిదీ వందోదీ ఒకటే. ఇక ఉద్యోగం సంగతి. 2016లో హైదరాబాద్ నగరపాలక సంస్థ ఇళ్ళ అనుమతులకు కంప్యూటర్లో గీసిన ప్లానునే తీసుకొని, కంప్యూటర్ చేతనే పరిశీలింపజేసే పద్ధతి మొదలుపెట్టింది. 2020లో రాష్ట్రమంతటికీ టిఎస్-బిపాస్ వచ్చింది. ఇలాంటి కాలంలో "నాకు చేత్తో గీయడం మాత్రమే వచ్చు" అంటే ఆఫీసులో కుర్చీ ఇవ్వరు. చేత్తో ట్రేసింగ్ చేసే ఉద్యోగం పోయింది, అది తిరిగి రాదు. దాని గురించి ఏడ్వడం దండగ. కాబట్టి మన పిల్లలకు కంప్యూటర్ అక్కర్లేదు, చేతిపని చాలు అని ఎవరైనా అంటే వాళ్ళు మన మేలు కోరేవాళ్ళు కాదు.

మరి తేడా ఎక్కడొస్తుంది?

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చతుర్భుజాల నిర్మాణం పాఠం గుర్తుందా? నాలుగు భుజాల కొలతలు ఇస్తే చతుర్భుజం గీయలేం, అయిదో కొలత కావాలి అని సార్ చెప్పారు. నాలుగు కర్రలకు మేకులు కొట్టి చట్రం చేసి మూల పట్టి నొక్కండి, పక్కకు వాలిపోతుంది. కర్రల పొడవులు మారలేదు, ఆకారం మారింది. కర్ణం కట్టె ఒకటి వేస్తేనే కదలకుండా నిలబడుతుంది. గుడిసె కట్టే మన పెద్దలకు ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు.

ఇప్పుడు బేగంబజార్ గల్లీలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ముందు వెడల్పు 18 అడుగులు, వెనక వెడల్పు పదహారున్నర, లోతు 52 అడుగులు. గీసేవాడు ముందు భాగం, ఒక పక్క మాత్రం కొలుచుకొని ఆఫీసుకు వచ్చాడు. కంప్యూటర్లో దీర్ఘచతురస్రం గీసే ఆజ్ఞకు రెండు మూలలు చెప్తే చాలు. 18, 52 అని కొట్టాడు. చక్కని పెట్టె వచ్చేసింది. వైశాల్యం 936 చదరపు అడుగులు అని కూడా చూపింది. అసలు నేల ఎంత? వెడల్పు సగటు పదిహేడుంపావు, దాన్ని 52తో గుణిస్తే 897. తేడా 39 చదరపు అడుగులు. మన హాస్టల్లో రెండు మంచాలు పట్టే జాగా! లేని జాగాను ప్లాను ఉన్నట్టు చూపింది. గోడ కట్టేరోజు పక్కింటివాళ్ళతో తగాదా ఖాయం.

కంప్యూటర్ అబద్ధం చెప్పిందా? లేదు. అడిగినదానికి జవాబిచ్చింది. అడగవలసింది అడగలేదు, అంతే. అదే మనిషికి కాగితం, వృత్తలేఖిని ఇచ్చి గీయమంటే మూడో మూల పెట్టాక నాలుగో మూల దగ్గర చేయి ఆగిపోతుంది. "వెనక వెడల్పు ఎంత? కర్ణం ఎంత?" అని తనకు తానే అడుగుతాడు. కొలత లేకపోతే మళ్ళీ టేపు పట్టుకొని గల్లీకి పోతాడు. చేత్తో గీయడంలో ఉన్న గొప్పతనం ఇదే. అది తెలియని చోట మనల్ని ఆపుతుంది.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఆటోక్యాడ్‌లో ఆర్థో అని ఒక సౌకర్యం. ఎఫ్ 8 మీట నొక్కితే గీతలన్నీ అడ్డంగా గానీ నిలువుగా గానీ మాత్రమే వస్తాయి. కొత్త కాలనీలో ఇల్లు గీయడానికి అది వరం. వంకర గల్లీలోని ఇంటికి అది శాపం, వంకరను లేకుండా చేసేస్తుంది. ఇంకొకటి, ఒక గీతకు సమాన దూరంలో మరో గీత గీసే ఆజ్ఞ. గల్లీ రెండు గోడలూ సమాంతరంగా ఉంటే సరే, లేకపోతే? మరొకటి నకలు. ఒక కిటికీ కొలిచి ఏడు కిటికీలు వేసేయొచ్చు. ఆ ఏడింటిలో ఒకటి చిన్నదైతే అది మేస్త్రీకి తెలుస్తుంది, ప్లానుకు తెలియదు.

అన్నిటికంటే మోసపుచ్చేది దశాంశ స్థానాలు. అడుగులు వేసి "సుమారు పదిహేను గజాలుంటుంది" అని రాసుకొచ్చిన కొలతను కంప్యూటర్ 13.7160 మీటర్లు అని చూపిస్తుంది. నాలుగు దశాంశాలు చూడగానే మనకు నమ్మకం కలుగుతుంది. పదో మిల్లీమీటరు దాకా కొలిచారేమో అనుకుంటాం. అడుగులు వేసింది మరిచిపోతాం. చేత్తో గీసిన కాగితంలో గీత మందమే చెప్పేస్తుంది, ఇంతకంటే సూక్ష్మంగా నన్ను నమ్మకు అని. తెర మీద ఎంత పెద్దది చేసి చూసినా గీత సన్నగానే ఉంటుంది, తన లోపం చూపదు.

అనుమతి కోసం ప్లాను పరిశీలించే కంప్యూటర్ విషయమూ అంతే. ఇంటిచుట్టూ నియమం ప్రకారం ఖాళీ వదిలారా, రోడ్డు వెడల్పు సరిపోతుందా అని గీతల్ని బట్టి క్షణాల్లో చెప్తుంది. కానీ ఆ గోడ నిజంగా అక్కడ ఉందా, ఆ రోడ్డు నిజంగా అంత ఉందా అని చూడటానికి దానికి కాళ్ళు లేవు. కాళ్ళున్నది మనకే.

మనకేం సంబంధం?

"బేగంబజార్ సేట్ల ఇళ్ళ గొడవ మనకెందుకన్నా?" అని మీరు అడగవచ్చు. మనకు ఇంకా ఎక్కువ సంబంధం. ఊళ్ళు, పొలాలు, అడవి అన్నీ ఎవరో గీసిన గీతల మీదే నిలబడి ఉన్నాయి.

పోలవరం ప్రాజెక్టు సంగతి చూడండి. ముంపు లెక్కలో రెండు సంఖ్యలు వినబడతాయి. ఒకటి 41.15 మీటర్లు, రెండోది 45.72 మీటర్లు. ఇవి ఎత్తును చూపే గీతలు. మొదటి గీత లోపల ఉన్న ఊళ్ళకు పునరావాసం ముందు విడతలో, దాని పైనుంచి రెండో గీత దాకా ఉన్నవాళ్ళకు తర్వాత విడతలో అన్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మొదటి గీతకు అవతల ఉన్నామనుకున్న ఊళ్ళలోకి కూడా నీళ్ళు వచ్చాయని జనం గోడు చెప్పుకున్నారు, మళ్ళీ కొలవమని అడిగారు. గీత మన ఇంటికి ఇవతల పడిందా, అవతల పడిందా అన్నదాని మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉంది. ఆ గీత ఎలా వచ్చింది, ఏ రాయి దగ్గర ఎత్తు ఎంత అని అడగడం తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళలో ఎంతమంది ఉన్నారు?

పోడు భూముల మాట తీసుకోండి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, దాని నియమాలు 2008 జనవరి 1న వచ్చాయి. ఆ నియమాల ప్రకారం దరఖాస్తులు, సాక్ష్యాలు, నక్షాలతో సహా రికార్డు తయారుచేయడం గ్రామంలోని అటవీ హక్కుల కమిటీ పని. అంటే నక్షా గీసే బాధ్యత చట్టమే మన ఊరి చేతిలో పెట్టింది. కానీ జరిగేది ఏంటి? జీపీఎస్ యంత్రం పట్టుకొని సార్లు పొలం చుట్టూ తిరుగుతారు, మనవాళ్ళు వెనక నడుస్తారు, కాగితం వస్తుంది, వేలిముద్ర వేస్తారు.

లెక్క చేద్దాం. ఎకరం పొలం చదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు. చేతిలో పట్టే చిన్న జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా రావడం మామూలే, అడవిలో చెట్ల కింద ఇంకా ఎక్కువ రావచ్చు. ఒక్క పక్కన 3 మీటర్లు లోపలికి పడిందనుకోండి, 64 గుణకారం 3, అంటే 192 చదరపు మీటర్లు. గుంట అంటే సుమారు 101 చదరపు మీటర్లు. దగ్గరదగ్గర రెండు గుంటలు పోయినట్టు. ఎకరానికి 40 గుంటలే గదా! అదే సమయంలో మన ఇంట్లో చదువుకున్న తమ్ముడో చెల్లో టేపుతో నాలుగు పక్కలూ, ఒక కర్ణమూ కొలిచి, ఈ ఇప్పచెట్టు దగ్గరినుంచి ఆ బండ దాకా ఇంత అని తెల్లకాగితం మీద స్కేలుకు గీసి పెట్టుకుంటే, "సార్, ఇక్కడ తేడా ఉంది, మళ్ళీ చూడండి" అని అడిగే ధైర్యం వస్తుంది. ఊరికే "మా భూమి తగ్గింది" అంటే ఎవరూ వినరు. కొలత చూపిస్తే వినక తప్పదు.

అందుకే నేను అంటాను, గీయడం నేర్చుకోవడం ఉద్యోగం కోసమే కాదు. గీసినదాన్ని చదవగలగాలి. చదవలేనివాడికి ఎంత మంచి కంప్యూటర్లో గీసిన ప్లాను అయినా ముగ్గులాగే కనిపిస్తుంది.

అభ్యంతరాలకు జవాబు

"అయితే రెండూ నేర్చుకుంటే కాలం రెట్టింపు అవదా?" అవదు. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు రెండేళ్ళు, పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు. మొదట్లో కొన్ని నెలలు బోర్డు మీద చేయి తిరిగితే, ఆ తర్వాత కంప్యూటర్ ఆజ్ఞలు నేర్చుకోవడం చాలా తేలిక. పై నుంచి చూస్తే ఎలా ఉంటుంది, ముందు నుంచి చూస్తే ఎలా, కోసి చూస్తే ఎలా అన్నది బుర్రలో స్థిరపడినవాడికి మిగిలేది ఏ మీట ఎక్కడుందో తెలుసుకోవడమే. ఇది స్థిరపడకుండా మీటలు నేర్చుకున్నవాడు ఇంకొకరి ప్లానును దిద్దగలడు గానీ కొత్తది గీయలేడు. సాఫ్ట్‌వేరు మారిందంటే మళ్ళీ మొదటినుంచి.

"పట్నం పిల్లలు నేరుగా కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, మనం వెనకబడిపోమా?" ఇది న్యాయమైన భయం. దీనికి జవాబు కంప్యూటర్ ఆలస్యం చేయడం కాదు. మన గురుకులాల్లో డ్రాయింగ్ పీరియడు ఉండాలి, కంప్యూటర్ గది తలుపూ రోజూ తెరవాలి. ఒకటి ఇచ్చి రెండోది అడగొద్దంటే ఒప్పుకోకూడదు. పై అధికారులు వచ్చినప్పుడు "ఏం కావాలి?" అని అడుగుతారు గదా. టేపులు, డ్రాయింగ్ బోర్డులు, ప్లాను గీసే సాఫ్ట్‌వేరు, మూడూ అడుగుదాం. టేపు వీటన్నిటిలోకి చవక.

ఇప్పుడే చేయగల పని

బోర్డులు, సాఫ్ట్‌వేరు వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. ఈ ఆదివారం మన తరగతి గదిని కొలుద్దాం. పొడవు, వెడల్పు, రెండు కర్ణాలు. గది 24 అడుగులు, 18 అడుగులు ఉంటే కర్ణం సరిగ్గా 30 అడుగులు రావాలి (పైథాగరస్ సూత్రం వేసి చూసుకోండి). రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే గది మూలమట్టంలో లేదని అర్థం. ఒక సెంటీమీటరుకు రెండు అడుగులు స్కేలు పెట్టుకుంటే గది 12 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు, కర్ణం 15. ఒక నోటు పుస్తకం పేజీలో పడుతుంది. తలుపు ఎక్కడ, కిటికీలు ఎక్కడ, గోడ మందం ఎంత అన్నీ కొలిచి పెట్టండి. ఒక్క కిటికీని చూసి మిగతావి నకలు కొట్టొద్దు. ప్రతిదీ కొలవండి.

ఆ తర్వాత వంటశాల, ఆ తర్వాత బావి, చేతిపంపు, ఆటస్థలం. ముగ్గురు ముగ్గురుగా జట్లు కట్టండి. టేపు కొస పట్టేవాళ్ళు ఒకరు, అంకె చదివేవాళ్ళు ఒకరు, రాసేవాళ్ళు ఒకరు. జట్టుకు జట్టుకు లెక్క తేడా వస్తే గొడవపడకుండా మళ్ళీ కొలవండి. ప్లాను కింద స్కేలు, ఉత్తరం దిక్కు, తేదీ, కొలిచిన ముగ్గురి పేర్లూ రాయండి. పేరు రాస్తే జాగ్రత్త వస్తుంది. 1912లో గొలుసు లాగినవాళ్ళకు దక్కని గుర్తింపు మీకు దక్కుతుంది. అంతా అయ్యాక ఆ కాగితాన్ని కంప్యూటర్ గదికి తీసుకుపోయి సార్ సాయంతో తెర మీద ఎక్కించండి. రెండు పద్ధతుల్లో ఏది ఏం చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేకుండా మీకే తెలుస్తుంది.

వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన చేను కొలవండి. నాన్నను, తాతను అడిగి హద్దులు రాసుకోండి. ఏ చెట్టు, ఏ బండ, ఏ వాగు అని వాళ్ళు చెప్పే పేర్లు అలాగే నక్షాలో పెట్టండి. ఆ పేర్లు ఉపగ్రహానికి తెలియవు. వాళ్ళకు తెలుసు, వాళ్ళను అడిగితే మనకూ తెలుస్తాయి.

చివరగా ఒక మాట. ఈ గోడపత్రికను కూడా మనం చార్టు మీద స్కేలు పెట్టి పెన్సిల్ గీతలు కొట్టి, కొలిచి, పేరాలకు జాగా చూసుకొని రాస్తున్నాం. లెక్క తప్పితే చివరి వరుసలో అక్షరాలు ఇరుక్కుపోతాయి. చేతికి ఆ లెక్క ఇప్పటికే కొంత తెలుసు. దాన్ని పెంచుకోవడమే మిగిలింది.

నా అభిప్రాయంతో అందరూ ఏకీభవించాలని లేదు. కంప్యూటర్ ఒక్కటే చాలు అనేవాళ్ళు, బోర్డు ఒక్కటే చాలు అనేవాళ్ళు కూడా తమ వాదన ఒక పేజీలో రాసి సంపాదకవర్గానికి ఇవ్వండి. వచ్చే సంచికలో పక్కపక్కనే అతికిద్దాం. కాకపోతే ఒక్క షరతు: రాసేముందు ఒక గదినైనా కొలిచి రండి.